బావి తాళం పగలగొట్టిన సంగతి

మా పక్క ఏటేటా జరిగే క్రైస్తవ సంఘాల కూటాల్లో ఎవరో ఒకరు లేచి ఈ సాక్ష్యం చెప్పడం మామూలైపోయింది. తుఫానుకు చేపలు పట్టే పాలెం వాళ్ళ మంచినీళ్ళన్నీ ఉప్పైపోయాయట. మా సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసిందట. దేవుడు అందరి మనసులూ మెత్తబరిచి మిషను బావి గేటు తెరిపించాడట. ఆ ప్రేమ చూసి పాలెమంతా కరిగిపోయిందట. చెప్పేవాళ్ళు పైటచెంగుతో కళ్ళొత్తుకుంటారు, వినేవాళ్ళు స్తోత్రమంటారు, నేను ముందు చాప మీద కూర్చుని పళ్ళు నూరుకుంటాను.

ఆ గేటు తెరిచింది నేను. గడ్డపారతో తెరిచాను. సంఘమంతా అప్పుడు చర్చిలో మోకాళ్ళ మీద ఉంది. కరిగిపోయిన పాలెం నాకెక్కడా కనపడలేదు. వాళ్ళలో ఒక్కరూ బాప్తిస్మం తీసుకోలేదు, క్రిస్మసుకైనా మా గడప తొక్కలేదు. కృతజ్ఞతగా చేపలు తెచ్చి ఇచ్చారని ఈమధ్య ఇంకో ముక్క కలిపారు. ఆ చేపలు మా వంటమనిషి మరియమ్మ గంటసేపు బేరమాడి కొన్నవి.

ఇన్నాళ్ళూ పోనీలే అని ఊరుకున్నాను. ఉద్యోగం అయిపోయింది, ఇక ఊరుకోవలసిన పని లేదు. పైగా నేను చేసిన పనిలోకి ఇప్పుడు చదువుకున్న ఆడపిల్లలు వస్తున్నారు. దేవుడికి విధేయులై ఉండడమంటే మోకాళ్ళ మీద కూర్చుంటే దానంతట అది జరిగిపోయేదని ఈ సాక్ష్యం విని వాళ్ళు అనుకున్నారంటే, ఉద్యోగమూ పాడవుతుంది, ఆత్మా పాడవుతుంది.

ఎందరో పైవాళ్ళు

ఇందుకూరుపేటలో బస్సు దిగి, ఎద్దుబండి ఎక్కి, ఇసకలో సముద్రం వైపు పోతే మా స్కూలు. ఆడపిల్లలకు బోర్డింగు, ఒక చర్చి, మావాళ్ళ ఇళ్ళు కొన్ని, అన్నీ ఒకే దిబ్బ మీద. యాభైల చివర్లో హెడ్‌మిస్ట్రెస్‌గా అక్కడికి పోయాను. అరవైలన్నీ దాదాపు అక్కడే గడిచాయి. మద్రాసులో బి.ఎ., ఆ తరువాత బి.టి. చేసినదాన్ని, నాట్ల రోజుల్లో పొలానికి పోయిన పిల్లల్ని వెతుక్కుంటూ గట్ల మీద నడిచాను, తలల్లో పేలు చూశాను, గజ్జికి గంధకం పూశాను. అది చెయ్యలేనివాళ్ళు ఈ పనికి రావద్దు. ఇన్‌స్పెక్టర్ల సంగతీ, గ్రాంటుల సంగతీ రాయను, అవి ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. సర్కారు బడిలో పై అధికారి తన పేరు మీద చెబుతాడు. ఇష్టం లేకపోతే తిట్టుకుని చెయ్యొచ్చు. మిషను బడిలో ప్రతివాడూ దేవుడి పేరు మీద చెబుతాడు. నన్ను ఇసకదిబ్బకు వేయడం దేవుని చిత్తం. చర్చి కప్పు వచ్చే ఏడు బాగుచేసుకోవడం దేవుని చిత్తం. టీచర్లకు జీతం ఆలస్యమైతే అదీ దేవుని చిత్తమే. ఇందులో ఏది ఆయన మాటో ఏది వీళ్ళ సౌకర్యమో విడదీసి చూడడమే ఈ ఉద్యోగంలో అసలు పని. పాఠం చెప్పడం దాని తరువాత.

ఆ విడదీయడం నాకు నేర్పింది మా మిస్సమ్మగారు. నెల్లూరులో ఉండి మా స్కూళ్ళన్నీ చూసే దొరసాని. తెలుగు ఆమె బైబిలు చదివి నేర్చుకున్నది, అందుకని వంటమనిషితో కూడా గ్రంథంలాగే మాట్లాడేది. నన్ను దిబ్బకు వేసినప్పుడు నేను ఆమె దగ్గరికి పోయి వాదించాను. దేవుడు నన్ను ఈ పనికి పిలిచినట్టు అనిపించడం లేదనీ, కొన్నాళ్ళు ప్రార్థన చేసి చూస్తాననీ చెప్పాను. లోపల ఉన్నది వేరు, నెల్లూరు వదిలి ఇసకలోకి పోవడం నాకిష్టం లేదు. ఆమె కళ్ళద్దాలు తీసి నా వైపు చూసి, "అక్కడ పిల్లలు కలరు, వారికి ఉపాధ్యాయిని లేదు. ఇది నీకు తెలియును. నీకు తెలిసిన దానిని గూర్చి దేవుని మరల అడుగకుము" అన్నది.

బయటికొచ్చి ఆ భాషకు నవ్వుకున్నాను. ఆ మాటకు మాత్రం నవ్వలేకపోయాను. మూట కట్టుకుని పోయాను.

బావి ఎవరిది

సముద్రం పక్కన ఊళ్ళలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళు తెలుసుకోవాలి: అక్కడ తియ్యనీళ్ళు దొరకడం అదృష్టం. దిబ్బకు దిగువన చేపలు పట్టేవాళ్ళ పాలెం ఉండేది. వాళ్ళు ఇసకలో చెలమలు తీసుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకునేవాళ్ళు. మాకు దిబ్బ మీద లోతైన బావి. ఎండాకాలంలో కూడా కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు.

ఆ బావి మిషను తవ్వించిందని రికార్డుల్లో ఉంది. తవ్వింది మావాళ్ళు. ఎందుకు తవ్వుకున్నారో మా సంఘపెద్ద దేవదానం గారు చెప్పేవారు. ఆయన చిన్నప్పుడు ఊరి బావి మావాళ్ళు ముట్టుకోకూడదు. వాళ్ళమ్మ కడవ కింద పెట్టి దూరంగా నిలబడేది. ఎవరికైనా జాలి పుడితే నాలుగు చేదలు ఎత్తున నుంచి పోసేవాళ్ళు. పుట్టకపోతే పొద్దెక్కిందాకా నిలబడి ఖాళీ కడవతో ఇంటికి వచ్చేది. మా బావిలో నీళ్ళు పడ్డ రోజున ఆమె తనే చేంతాడు పట్టుకుని, అవసరం ఉన్నా లేకపోయినా సాయంత్రం దాకా నీళ్ళు తోడుతూనే ఉందట. దేవదానం గారు ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచేవారు కాదు. అందుకే అది విన్నవాళ్ళు మరిచిపోలేరు.

పాలెం వాళ్ళు కూడా మమ్మల్ని అట్లాగే చూసేవాళ్ళు. తుఫానుకు రెండేళ్ళ ముందు మా బోర్డింగు పిల్లల్ని సముద్రానికి తీసుకుపోయి వస్తుంటే, ఒక పిల్ల దప్పికకు ఆగలేక వాళ్ళ చెలమలో దోసిలి ముంచింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, ఆ పిల్ల కళ్ళముందే, ఆ చెలమను ఇసకతో పూడ్చేసి పక్కన ఇంకొకటి తవ్వుకోవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల చేతులు తడిగా పట్టుకుని నిలబడింది. నేను ఇరవై రకాల మాటలు అనగలిగినదాన్ని, ఆ రోజు ఒక్కటీ అనలేదు. దాచిపెట్టుకున్నాను.

వాళ్ళ తాడు

తుఫాను నవంబరులో వచ్చింది. మా రేకుల షెడ్డు ఎగిరిపోయింది, బోర్డింగు నిలిచింది. నెల్లూరు రోడ్డు తెగింది. సముద్రపు నీళ్ళు పాలెంలోకి వచ్చి, వెనక్కు పోయేటప్పుడు చెలమలన్నింటినీ ఉప్పు చేసి పోయాయి. దిబ్బ మీద మా బావికి ఏమీ కాలేదు.

సముద్రం వెనక్కు పోయిన మర్నాడు పాలెం ఆడవాళ్ళు కడవలతో వచ్చి మా బావి దగ్గర నిలబడ్డారు. పిల్లలు పడకుండా బావి చుట్టూ పిట్టగోడ, దానికొక ఇనుప గేటు ఉండేవి. గేటుకు ఏనాడూ తాళం లేదు. వాళ్ళలో పెద్దది కావమ్మ అని, గట్టి మనిషి. చేపల తట్టతో వచ్చి మరియమ్మతో రోజూ గొడవపడేది ఆమే. అప్పటిదాకా గొడవ చేప తాజాదా కాదా అని మాత్రమే. ఆ రోజు ఆమె భుజం మీద చుట్టిన చేంతాడు, చేతిలో చేద ఉన్నాయి.

"టీచరమ్మా, మీ చేద మేం ముట్టుకోలేం గదా. మా తాడు మేం తెచ్చుకున్నాం. మీవోళ్ళు రవంత అవతలికి తొలిగితే తోడుకోని పోతాం" అన్నది.

పొగరుగా అనలేదు, ఇల్లు కొట్టుకుపోయిన మనిషికి పొగరెక్కడిది? దారి అడిగినట్టు అడిగింది. అదే నన్ను ఎక్కువ మండించింది. మరియమ్మ మాత్రం ఊరుకోలేదు. నీళ్ళకు లేని అంటు తాడుకెట్లా వచ్చిందే, నీళ్ళు కూడా మీవే తెచ్చుకోని తోడుకోరాదా అని అడిగింది. వెనకున్న ఒకామె నవ్వబోయి, కావమ్మ చూపుకు నోరు మూసుకుంది.

ఇంతలో దేవదానం గారు వచ్చారు. విన్నారు. ఇంటికి పోయి తాళం తెచ్చి గేటుకు వేశారు. మా చేదతో, మా చేతులతో పోస్తే పట్టుకుంటామని వాళ్ళంటే తీస్తామన్నారు. కావమ్మ తల అడ్డంగా ఊపింది. వాళ్ళు ఖాళీ కడవలతో దిబ్బ దిగిపోయారు.

మావాళ్ళకు పొద్దునా సాయంత్రం ఆయనే వచ్చి తాళం తీసేవారు. తాళం వేసిన సాయంత్రమే సంఘం కూడింది. కొందరు ఇవ్వాలన్నారు, ఎక్కువమంది వద్దన్నారు. నేను ఇవ్వాలన్నాను. చివరకు దేవుని చిత్తం తెలుసుకోవడానికి మర్నాటి నుంచి ఆదివారం దాకా ఉపవాస ప్రార్థన అని తీర్మానించారు. ఈ లోగా ఎవరైనా గేటు తీస్తే ప్రభువు బల్లలో చెయ్యి వేయనివ్వమని కూడా అన్నారు. ఆ మాట అనేటప్పుడు అందరూ నా వైపే చూశారు. బల్ల అంటే ప్రభువు పేరున అందరూ కలిసి రొట్టె తీసుకోవడం. మా సంఘాల్లో బల్ల నుంచి తొలగించడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతున్నాను: ఇంటివాళ్ళంతా అన్నానికి కూర్చుని నిన్నొక్కదాన్నే లేచిపొమ్మనడం లాంటిది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఉపవాస ప్రార్థనను నేను వెక్కిరించడం లేదు. మా సంఘం దాంతోనే బతికింది. కానీ శత్రువు దప్పికతో ఉంటే తాగడానికి ఇవ్వాలన్న ఆజ్ఞను ప్రతి సోమవారం నేను పిల్లలచేత కంఠతా పెట్టించేదాన్ని. మూడో క్లాసు పిల్లకు కూడా వచ్చు. పెద్దలకు రాదా? అంత స్పష్టంగా చెప్పి ఉంచిన దాన్ని మళ్ళీ చెప్పమని దేవుణ్ణి ఆదివారం దాకా అడగడం నాకు వాయిదా వేయడంలాగే కనిపించింది. భక్తి ఉన్నవాళ్ళకే వచ్చే జబ్బు ఇది. భక్తి లేనివాడు ఇవ్వను అని నేరుగా చెప్పి పడుకుంటాడు. మనం ఇవ్వకుండా ఉండడానికి కూడా మోకాళ్ళూనుతాం.

గడ్డపార

మొదటి రోజు నేనూ ఉపవాసముండి చర్చిలో కూర్చున్నాను. రెండో రోజు పొద్దున మరియమ్మ పాలెం దాకా పోయి వచ్చింది. చేపల కోసమని చెప్పింది. వలలే కొట్టుకుపోయినచోట చేపలెక్కడివి? చూడబుద్ధై పోయింది, అంతే. వచ్చి పొయ్యి ముందు కూర్చుని, వాళ్ళు ఆ ఉప్పు నీళ్ళతోనే గంజి కాస్తున్నారనీ, పిల్లలకు వాంతులు పట్టుకున్నాయనీ, కావమ్మ మనవరాలు కళ్ళు తేలేసి ఉందనీ చెప్పింది.

"చావనీ అందామనుండాది టీచరమ్మా. నోరు రావడంల్యా" అన్నది.

నాకు ఆ క్షణాన ప్రేమ పుట్టిందని సాక్ష్యాల్లో చెబుతారు. పుట్టలేదు. ఇసకతో పూడ్చిన చెలమ నా కళ్ళముందు అట్లాగే ఉంది. మిస్సమ్మగారిని అడుగుదామంటే రోడ్డు లేదు. పాస్టరయ్య మంచివాడు, పెద్దలు కూర్చోమంటే కూర్చుని నిలబడమంటే నిలబడే మంచివాడు. అడగడానికి పైవాడెవడూ లేని రోజున, చెయ్యాలని మనసు లేని పనిని, దేవుడు చెప్పాడు గనక చెయ్యడం: విధేయత అంటే ఇంతేనని నాకు ఆ వంటింట్లో తెలిసింది. ప్రేమ వచ్చిందాకా ఆగితే ఆ పిల్ల ఆగదు. మనసు మారిన తరువాత చేస్తే అది మన ఇష్టం చేసుకోవడమే అవుతుంది. చిన్నవాళ్ళు ఈ ఒక్క ముక్క నా దగ్గర్నుంచి తీసుకుంటే చాలు, మిగతా అనుభవమంతా నాతోనే పోయినా ఫరవాలేదు.

గడ్డపార ఎక్కడుందని మరియమ్మను అడిగాను. ఎందుకని అడగలేదు. తెచ్చింది.

తాళం మంచిది, లొంగలేదు. కొక్కెం పాతది. ఇద్దరం గడ్డపార దూర్చి ఎత్తాం. నా అరచేయి చీరుకుపోయింది, గాజు ఒకటి పగిలింది. చర్చిలో నుంచి పాట వినిపిస్తూనే ఉంది. దేవుడికి సమస్తం అర్పించుకుంటున్నామని పాడుతున్నారు. మరియమ్మ, "అర్పించేది మాటొరసకేనా, గట్టిగా ఎత్తు టీచరమ్మా" అన్నది. కొక్కెం ఊడి గేటు తెరుచుకుంది. నా జీవితంలో చాలా సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన గర్వం ఏ సర్టిఫికెట్టుకూ కలగలేదు. గర్వం పాపమని నాకు ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు.

మరియమ్మ దిబ్బ అంచున నిలబడి పాలెం వైపు కేకేసింది. వాళ్ళు పరుగున వచ్చారు. కావమ్మ గేటు దాకా వచ్చి ఆగింది. నేను లోపల, బావి గట్టు మీద నిలబడి ఉన్నాను.

"అమ్మా, రవంత తొలుగు" అన్నది.

తొలిగాను. నా స్కూలు బావి దగ్గర్నుంచి, మావాళ్ళు తవ్విన బావి దగ్గర్నుంచి, గేటు దాటి అవతలికి వచ్చి నిలబడ్డాను. మరియమ్మ రానంది. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. కావమ్మ తన చేంతాడు దింపింది. మొదటి చేద నీళ్ళు అక్కడే ఒక పిల్ల నోట్లో పోసింది.

దేవదానం గారి మాట

పాట ఆగింది. దేవదానం గారు ముందు వచ్చారు, వెనక సంఘం. ఉపవాసానికి ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అరుస్తారనుకున్నాను, జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన ఊడిన కొక్కెం వైపు చూశారు, బావి దగ్గర వాళ్ళ వైపు చూశారు, అవతల నిలబడ్డ నా వైపు చూశారు.

"తాళం పగలగొట్టినందుకు నేనేమీ అనను టీచరమ్మగారూ. నీళ్ళియ్యమని దేవుడు చెప్పినాడు, మీరు విన్నారు. అవతలికి తొలిగినారే, అది ఎవరు చెబితే విన్నారు?"

దప్పికతో ఉన్నవాళ్ళకు ముందు నీళ్ళు, తరువాత పాఠం అన్నాను.

"మా అమ్మకు దినామూ చెప్పినారమ్మా పాఠం, దూరంగా నిలబెట్టి, నీళ్ళు పొయ్యకుండానే" అని, ఆయన వెనక్కు తిరిగి పోయారు. ఆ గేటుకు మళ్ళీ తాళం వెయ్యలేదు. వేయించలేదు.

పాలెం వాళ్ళు జనవరి చివరిదాకా వచ్చారు. కావమ్మ మనవరాలు లేచి తిరిగింది. చెలమల్లో మళ్ళీ తియ్యనీళ్ళు ఊరిన రోజు నుంచి రావడం మానేశారు, వచ్చి చెప్పిపోలేదు. వచ్చినన్నాళ్ళూ వాళ్ళ తాడే, వచ్చినన్నాళ్ళూ మేం తొలగడమే.

నన్ను బల్ల నుంచి తొలగించారు. అన్నమాట తప్పలేదు, అందుకు వాళ్ళను మెచ్చుకుంటాను. డిసెంబరులో మొదటి ఆదివారం పాస్టరయ్య రొట్టె పళ్ళెం తీసుకుని ఆడవాళ్ళ చాపల మధ్యగా వచ్చి, నా దగ్గర కళ్ళు దించుకుని, నా పక్కావిడకు ఇచ్చాడు. నా స్కూలు పిల్లలు చూస్తున్నారు. తల వంచలేదు. రోడ్డు బాగై మిస్సమ్మగారు వచ్చినప్పుడు పెద్దలకు చీవాట్లు పెడుతుందనుకున్నాను. ఆమె అంతా విని, సంఘం హక్కులో తను వేలు పెట్టనన్నది. నాతో మాత్రం విడిగా, "నీవు విధేయురాలవైతివి. ఇక దాని ఫలమును భరింపుము" అన్నది. ఆ రోజు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె అడ్డుపడి ఉంటే నేను చేసినది దొరసాని అండ చూసుకుని చేసినదయ్యేది.

ఈస్టరుకు పళ్ళెం దేవదానం గారే తెచ్చారు. నా ముందు ఆగి వంగారు. ఆయన క్షమించాననలేదు, నేను క్షమించమనలేదు. తీసుకున్నాను.

తరువాత ఏళ్ళ తరబడి ఒకే చర్చిలో కూర్చున్నాం, ఒకే స్కూలు కమిటీలో పోట్లాడుకున్నాం. ఆయన వేసిన ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పోయినేడు ఆయన పోయారు. ఆయన ఉండగా ఎదురు నిలబడి చెప్పవలసిన జవాబు నా దగ్గర ఉండి ఉంటే, నేను నోరు మూసుకుని ఉండే మనిషిని కాదని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు.

తాళం పగలగొట్టినందుకు నేను రవ్వంత కూడా చింతించను. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ పగలగొడతాను. ఆ ఆజ్ఞ ఉంది, నేను విన్నాను. ఆ రెండో సంగతి కోసం మాత్రం ఇన్నేళ్ళుగా వాక్యం తిరగేస్తూనే ఉన్నాను. దప్పిక తీర్చమని ఉంది. దప్పికతో ఉన్నవాడు నిన్ను మనిషిగా ఎంచకపోతే, వాడి ఎదుట తొలిగి నిలబడి మరీ తీర్చమని ఉందో లేదో నాకు తేలలేదు. తొలగకపోతే ఆ పిల్ల చచ్చిపోయేది. తొలిగితే దేవదానం గారి తల్లి ఇంకొకసారి కడవ పట్టుకుని దూరంగా నిలబడినట్టయింది. కొత్తగా వచ్చే టీచర్లు నాకంటే బాగా చదువుకున్నారు, బైబిలు ట్రైనింగు కూడా అయినవాళ్ళున్నారు. మీలో ఎవరైనా చెప్పండి. గేటు తెరిచినప్పుడు నేను దేవుడికి లోబడ్డాను. గేటు దాటి అవతలికి వచ్చి నిలబడినప్పుడు ఎవరికి లోబడ్డాను?